ఎవరూ అడగని ఫొటో

ఫోరస్ రోడ్డు అని చిరునామా చెబితే వినేవాళ్ళ ముఖం ఒక్క క్షణం మారుతుంది. ముంబయిలో పుట్టి పెరిగిన మన పాఠకుల్లో చాలామందికి ఇది అనుభవమే. బడి ఫారంలోనూ, పెళ్ళి శుభలేఖలోనూ "కామాఠీపుర" అని రాయలేక "ముంబయి సెంట్రల్ దగ్గర" అనో, "నాగ్‌పాడా" అనో రాసి ఊరుకున్న తండ్రులు మనలో ఎందరో ఉన్నారు. మా బాపు కూడా అలాగే రాసేవాడు. ఈసారి ఆ చిరునామా గురించీ, దాన్ని దాచుకోకుండా చూడటం నాకు నేర్పిన ఒక చిన్న డబ్బా కెమెరా గురించీ చెప్పుకుందాం.

ముందు పేరు సంగతి. ఫోరస్ అనేది పోర్చుగీసు వారి కాలం నుంచి వచ్చిన మాట. 'ఫోరో' అంటే శిస్తు. సముద్రపు పోటుకు మునిగే పల్లపు నేలల్ని పూడ్చి బాగుచేసుకునే వాళ్ళకు తక్కువ శిస్తుకు ఇచ్చేవారు. ఆ నేలల మీదుగా వేసిన రోడ్డు ఫోరస్ రోడ్డయింది. ఇప్పుడు బోర్డు మీద ఆర్.ఎస్.నిమ్‌కర్ మార్గ్ అని ఉంటుంది గాని, టాక్సీవాలాకు పాత పేరే చెప్పాలి. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి వర్లీ వైపు నుంచి వచ్చే సముద్రపు నీరు ఆగాక ఇక్కడి నేల తేరుకుంది. ఆ నేల మీద గుడిసెలు వేసుకున్నది నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన మన తెలుగువాళ్ళు. రాయి, సున్నం, మట్టి మోసే ఆ కామాఠీల పేరే పేటకు వచ్చింది. లోకం ఈ పేరు వినగానే తలుచుకునేది వేరు. కాని అసలు పేరు కష్టజీవుల పేరు. మన పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఇక బొమ్మల సంగతి. మన పేటను బయటివాళ్ళు తీసినంతగా మనం తీసుకోలేదు. అందరిలోకీ పేరుపొందినది అమెరికా ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ తీసిన 'ఫాక్‌లాండ్ రోడ్' పుస్తకం. ఆ రోడ్డు మనకు కూతవేటు దూరం. ఆమె మొదట 1968లో వచ్చింది. కెమెరా ఎత్తితే తిట్లు తిన్నది, చెత్త మీద పడింది. అయినా పదేళ్ళు ప్రయత్నం మానలేదు. 1978 అక్టోబరులో మళ్ళీ వచ్చి, మెల్లగా ఒక్కొక్కరితో స్నేహం చేసుకుని, మూడు నెలలు అక్కడే తిరిగి రంగుల్లో ఫొటోలు తీసింది. 1981లో పుస్తకం వచ్చింది. ఆమె ఓపికను తక్కువ చేసి మాట్లాడలేను. అన్ని తిట్లు తిని తిరిగి వచ్చి, అవే గడపల్లో కూర్చుని టీ తాగడం అందరివల్లా అయ్యే పని కాదు.

కాని ఒక మాట. ఆ చలికాలంలోనే మా చాల్‌లో ఆడపిల్లలు నూనె రాసి రెండు జడలు వేసుకుని మున్సిపాలిటీ తెలుగు బడికి పోతున్నారు. మా అవ్వ, పక్క ఖోలీల అమ్మలక్కలు గ్యాలరీలో వరసగా కూర్చుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతున్నారు. బాపు మిల్లులో రాత్రి పాళీ సాంచాలు నడిపి వచ్చి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పగలు పడుకుంటున్నాడు. ఇదీ ఆ రోడ్డే, ఇదీ ఆ ఏడే. ఇది ఆ పుస్తకంలోకి రాలేదు, రానక్కరలేదు కూడా. ఆమె వెతుక్కుంటూ వచ్చింది వేరు. మన బొమ్మ మనం తీసుకోకపోతే, ఎదుటివాళ్ళు తీసిందే మన బొమ్మగా మిగులుతుంది. అంతే సంగతి.

నా చేతికి కెమెరా వచ్చింది 1976లో. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్త. చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో పాత సామాన్ల మధ్య ఒక అగ్ఫా క్లిక్ త్రీ దొరికింది. బరోడాలో తయారైన ఆ నల్ల డబ్బాను ఈ తరం పిల్లలు బొమ్మ అనుకుంటారు. రీలుకు పన్నెండే ఫొటోలు. దగ్గరికి పోతే బొమ్మ మసకబారుతుంది. మా ఖోలీ పదడుగులకు పన్నెండు. వెనక్కి జరగడానికి చోటేదీ? అందుకే నా ఫొటోలన్నీ గ్యాలరీలో, మెట్ల మీద, మేడ మీద తీసినవే. చోటు లేకపోవడమే నన్ను గడప దాటించింది అనుకోవచ్చు.

కెమెరా ఉందని తెలిసిన మరునాటి నుంచి పిలుపులు మొదలైనాయి. బారసాలకు రా, బతుకమ్మకు రా, ఉపన్యాసకుడికి దండ వేసేటప్పుడు రా. పోయేదాన్ని. మన ఫొటోల పద్ధతి మీకు తెలిసిందే. అందరూ ఊపిరి బిగబట్టి, చేతులు తొడలకు ఆనించి, కెమెరాను అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఒకరు కదిలితే పెద్దాయన కసురుతాడు. ఆ ఫొటోల విలువ ఆ ఫొటోలకు ఉంది, కాదనను. కాని అవి తీసేటప్పుడు నేను వేలు నొక్కే మనిషిని మాత్రమే. ఎవరు నడుమ నిలబడాలో, ఎవరు నవ్వాలో అంతా ముందే తేలిపోయి ఉండేది.

రీలు చివర ఒకటి రెండు ఫొటోలు మిగిలేవి. అవి నావి. ఆదివారం ఉదయం ఏడింటికి మా గ్యాలరీ చివరనుంచి ఎండ ఏటవాలుగా దిగుతుంది. ఆ వెలుగులో మా అవ్వ బీడీ చుట్టే వేళ్ళు తీశాను. మోరి దగ్గర ఆరేసిన బిందెలు తీశాను. బాపు చెప్పులు తీశాను, వాటి మీద మిల్లు దూది పోగులు అంటుకుని ఉన్నాయి. స్టూడియోలో కడిగించి తెస్తే అవ్వ అన్న మాట ఇప్పటికీ గుర్తు: "మనిషిని ఇడిసిపెట్టి చెప్పులు తీస్తివా? పైసలు ఎక్కువైనయా బిడ్డా?" ఆమె కోపం న్యాయమైనదే. ఒక్కొక్క ఫొటోకు ఖర్చు ఉన్న రోజులవి. కాని ఎవరూ అడగని ఆ ఫొటో తీసిన రోజే నాకు మొదటిసారి, ఇది నాకు తోచి నేను చేసిన పని అనిపించింది. ఇంట్లో వంట, బడిలో పాఠం, సంఘంలో పీటలు వేయడం, అన్నీ ఎవరో చెప్పిన పనులే. ఆ ఒక్క మీట మాత్రం నా ఇష్టం. ఇంటెడు పని మధ్య ఉన్న ఆడవాళ్ళకు ఈ మాట వేరే వివరించి చెప్పనక్కరలేదు.

మన ఆడవాళ్ళకే కాదు, పేరుగలవాళ్ళకూ ఈ ఇష్టం అంత తేలిగ్గా దక్కలేదు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా ఈ ముంబయిలో జె.జె. కళాశాలలో చదువుకున్నది. తొలి రోజుల్లో ఆమె తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. 1970లో వృత్తి మానేసింది. 2012లో తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీ బొమ్మలు మనం చూసినవి ఎన్నో ఆమె కంటితో చూసినవే.

1979లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఎదురు బిల్డింగులో ఉండే ఒకామె, పేరు వద్దు, కుళాయి దగ్గర అప్పుడప్పుడు పలకరించేది. మన మాటే, కరీంనగర్ వైపు యాస. ఒకనాడు నన్ను ఆపి, "చెల్లె, మా అమ్మకు ఒక్క ఫొటో పంపాలె. తీస్తవా?" అన్నది. ఆమె బతుకు ఏమిటో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఫొటో ఎక్కడ తీయాలో కూడా ఆమే చెప్పింది: తన గది ముందర వద్దు, మా గ్యాలరీలో, మా తలుపు ముందర. ఊళ్ళో తల్లికి తను మిల్లులో పని చేస్తున్నానని చెప్పుకున్నదట.

నేను అవ్వ ముఖం చూశాను. చాల్‌లో నలుగురి మాట ఎంత బరువో మీకు తెలుసు. మా ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలం ఇద్దరం ఉన్నాం. అవ్వ చాటలోంచి తల ఎత్తకుండానే, "నిలబడనియ్యి. నిలబడితే గోడ అరుగుతదా?" అన్నది. ఆమె ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని, తల్లో పూలు తీసేసి, మా బడి పుస్తకం ఒకటి చేత్తో పట్టుకుని నిలబడింది. ఎట్లా ఉండాలో నేను ఒక్క మాట చెప్పలేదు. రెండు తీశాను. ఒకటి ఊరికి పోయింది, ఒకటి ఆమె దగ్గర ఉంచుకున్నది. నెగటివ్ కూడా ఆమె అడిగి తీసుకున్నది. ఇచ్చేశాను.

మా చాల్‌లో కొందరు వారం రోజులు అవ్వతో మాట్లాడలేదు. అది అబద్ధపు ఫొటో అన్నవాళ్ళూ ఉన్నారు. నేను చాలా కాలం ఆలోచించాను. పెళ్ళికి అరువు నగలు పెట్టుకుని ఫొటో దిగితే మనం అబద్ధం అనం. స్టూడియోలో తాజ్‌మహల్ తెర ముందు నిలబడితే అబద్ధం అనం. ఆమె తల్లికి తను ఎట్లా కనబడాలనుకున్నదో అట్లా కనబడింది. కెమెరా పట్టుకున్న నా స్వేచ్ఛ గురించే అప్పటిదాకా తలుస్తూ వచ్చాను. కెమెరా ముందు నిలబడే మనిషికీ ఒక స్వేచ్ఛ ఉందని ఆ రోజు తెలిసింది. ఎక్కడ నిలబడాలో, ఏది కనబడాలో, చివరికి ఆ బొమ్మ ఎవరి దగ్గర ఉండాలో కూడా ఆమే నిర్ణయించుకున్నది.

ఇది కొత్త సంగతీ కాదు. మన హైదరాబాదులో ఆరవ నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ళ కోసమే ఒక జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. మగవాళ్ళకు ప్రవేశం లేదు. పరదా దాటని బేగములు అక్కడ నిశ్చింతగా ఫొటో దిగేవారు. 1896లో ఆయన ముంబయిలో కూడా స్టూడియో తెరిచాడు. బేగములకు ఆ ఏర్పాటు ఉండేది. మా గ్యాలరీకి వచ్చినామెకు మా అవ్వ తలుపు దొరికింది.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. ముంబయి మిల్లుల్లో ఇంచుమించు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ తరువాత ఏం జరిగిందో మన ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. కొందరు భివండి పవర్‌లూమ్‌లకు, కొందరు షోలాపూరుకు, కొందరు సిరిసిల్లకు తిరిగి పోయారు. తాళం వేసిన ఖోలీలు, తాడు కట్టిన పరుపుచుట్టలు, పొద్దున్నే బండి కోసం మెట్ల మీద కూర్చున్న కుటుంబాలు, వాళ్ళను అడిగి, ఒప్పుకున్నవాళ్ళను తీశాను. వద్దన్న ఇంట తీయలేదు. ఆ ఏడు రెండు రీళ్ళే కొనగలిగాను. ఇవాళ ఆ ఇరవై నాలుగు బొమ్మల కోసం మనవలు, మునిమనవలు అడిగి వస్తున్నారు. "మా తాత ఇట్లుండెనా?" అని ఒక కుర్రవాడు చాలాసేపు చూసి, తన ఫోనుతో ఆ ఫొటోకు ఫొటో తీసుకుపోయాడు.

కామాఠీపురను పడగొట్టి కొత్తగా కట్టే ప్రణాళిక కొన్నేళ్ళుగా నడుస్తోంది. మంచి నీళ్ళు, సొంత మరుగుదొడ్డి, లిఫ్టు వస్తే సంతోషించనివాళ్ళు ఎవరుంటారు? నేనూ సంతోషిస్తాను. కాని ఆ గ్యాలరీలు, కర్ర మెట్లు, గడప మీద ముగ్గు, ఆ ఏటవాలు ఎండ మాత్రం మళ్ళీ రావు. ఇప్పుడు అందరి చేతిలో కెమెరా ఉంది, రీలు ఖర్చు లేదు. తీయడానికి ఇంతకంటే అనువైన కాలం లేదు.

అందుకని పిల్లలకూ పెద్దలకూ నాలుగు మాటలు. పండుగ ఫొటోలు తీస్తూనే రోజుకొకటి ఎవరూ అడగనిది తీయండి. అమ్మ పోపు డబ్బా, తాత మందుల సంచి, మెట్ల దగ్గర చెప్పులు, ఏదైనా సరే. మనిషిని తీసేముందు అడగండి, తీశాక చూపించండి, వద్దంటే చెరిపేయండి. మన సందులో ఫోను ఎత్తితే ముఖం తిప్పుకునే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ వైపు ఎత్తకండి.

పాత ఫొటోలున్నవారు వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఏడు, ఊరు రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకు దిగుతుంది. జిగురు పేజీల ఆల్బములు బొమ్మను పసుపుపచ్చ చేస్తాయి, వీలుంటే జాగ్రత్తగా విప్పి కాగితపు కవర్లలో పెట్టండి. ముంబయి వానకు నెగటివ్‌లు బూజు పడతాయి. బీరువా అడుగున కాక, పొడిగా ఉండే చోట, మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచండి. ఫోనులో ఉన్నవాటికి మరొక చోట నకలు ఉంచండి.

మీ ఇంట్లో అలాంటి ఎవరూ అడగని ఫొటో ఉంటే, దాని వెనక కథ నాలుగు వాక్యాల్లో రాసి నకలు పంపండి, అసలు ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి. అందులో ఉన్నవారి అనుమతి తీసుకున్నారో లేదో కూడా రాయండి. చిరునామా రాసేటప్పుడు మాత్రం "ముంబయి సెంట్రల్ దగ్గర" అని కాక, ఉన్న పేరే రాయండి.