150 అని రాస్తే సరిపోతుందా?

పన్నెండో తరగతి కామర్స్ పిల్లల తల్లిదండ్రులు ఈ నెలలో మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "సార్, ఇంకో నాలుగు మోడల్ పేపర్లు పెట్టించండి." అప్లైడ్ మ్యాథమెటిక్స్ విషయంలో, ముఖ్యంగా కాలిక్యులస్ విషయంలో, నా అభిప్రాయం వేరు. పేపర్లు తగ్గించాలి. రాసిన పేపరు ముందు పిల్లలు కూర్చునే సమయం పెంచాలి.

సీబీఎస్‌ఈ థియరీ పేపరు 80 మార్కులకైతే అందులో కాలిక్యులస్ యూనిట్‌కు 15. ఇంజినీరింగ్‌కు వెళ్లని పిల్లలకు ఇదెందుకని కొందరు అడుగుతుంటారు. సీఏ ఫౌండేషన్‌లో కాలిక్యులస్ ఉంది. డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకుంటే మార్జినల్ కాస్ట్ లేకుండా అడుగు పడదు. కాబట్టి ఈ 15 మార్కులు మార్చితో అయిపోయేవి కావు.

ఇబ్బంది ఎక్కడుందంటే, మన పిల్లలకు డిఫరెన్షియేషన్ బాగానే వచ్చు. జవాబు వస్తుంది. అది దేని జవాబో అడిగితే మాత్రం మౌనం.

ఒక టిఫిన్ సెంటర్ తీసుకుందాం. రోజుకు ఎక్స్ దోసెలు వేస్తే ఖర్చు 1440 + 20 ఎక్స్ + 0.1 ఎక్స్² రూపాయలు. 1440 అంటే అద్దె, జీతాలు. ఒక్క దోసె వేయకపోయినా తప్పవు. దోసె ధర 50. రోజుకు ఎన్ని వేయాలి? సగటు ఖర్చు ఎక్కడ తక్కువో చూస్తే 120 దగ్గర తేలుతుంది, దోసెకు 44 రూపాయలు. చాలామంది అక్కడే ఆగి గీత కొట్టేస్తారు. కానీ అడిగింది లాభం. 121వ దోసెకు అదనంగా అయ్యే ఖర్చు 44 చిల్లర, వచ్చేది 50. ఎందుకు ఆపాలి? మార్జినల్ కాస్ట్, అంటే 20 + 0.2 ఎక్స్, 50కి చేరేదాకా వేయొచ్చు. అది 150 దగ్గర. 120 దోసెలకు లాభం 720, 150కి 810. ఇంకా అమ్ముదామని 180 వేస్తే మళ్లీ 720కే వస్తుంది. అరవై దోసెల అదనపు శ్రమ వృథా.

మీలో వ్యాపారం చేసేవారికి ఇది కొత్త కాదు. ఆర్డరు ఒక హద్దు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి, ఇంకో మనిషిని పెట్టాలి, సరుకు పాడవుతుంది. ఆ అనుభవాన్నే పాఠం సూత్రంగా రాస్తుంది. అందుకే కాలిక్యులస్ చదవని తల్లిదండ్రులు కూడా ఇందులో సాయం చేయగలరు. 'ఈ 150 అంటే ఏమిటి? 160 వేస్తే ఏమవుతుంది?' అని తెలుగులో అడగండి, తెలుగులోనే చెప్పించండి. ఇంగ్లిష్‌లో అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెప్పేస్తారు. ఇంటిగ్రేషన్‌లో కన్స్యూమర్ సర్‌ప్లస్ కూడా అంతే. 70 పెట్టడానికి సిద్ధపడినవాడికి 50కే దొరికితే మిగిలిన ఆ 20 సంగతే అది.

మార్కులు పోయేది కూడా ఎక్కువగా ఇక్కడే. మొదటి డెరివేటివ్‌ను సున్నా చేసి ఎక్స్ విలువ రాసి వదిలేస్తారు. అది గరిష్ఠమో కనిష్ఠమో రెండో డెరివేటివ్‌తో చూపరు. ప్రాఫిట్ అడిగితే రెవెన్యూను డిఫరెన్షియేట్ చేసిన పేపర్లు ప్రతి టెస్టులోనూ కనిపిస్తాయి. 4 మార్కుల కేస్ స్టడీలో పేరా చదవకుండా అంకెలు మాత్రం ఏరుకుంటారు. పదో పేపరు రాసినా ఇవి పోవు, ఎందుకంటే తొమ్మిదో పేపరు దిద్దాక ఎవరూ తెరిచి చూడలేదు.

వేగం అక్కర్లేదని నేననడం లేదు. మూడు గంటల పరీక్ష, కాలిక్యులేటర్ ఉండదు, దశాంశాల గుణకారాలు చేతితోనే చేయాలి. దానికి వారానికి రెండు పూర్తి పేపర్లు చాలు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'ష్యూర్ క్వశ్చన్ల' మీద పెట్టే సమయం ఉంటే మూడోది కూడా రాయొచ్చనుకోండి.

వారం వారం టెస్ట్ మార్కులు ఫోన్‌కు పంపేది మేమే, వాటిని చూసి కంగారుపడొద్దని చెప్పేదీ మేమే అంటే మీకు నవ్వు రావచ్చు. అయినా అడుగుతున్నాను. మార్కుల మెసేజ్‌తో ఆగకుండా, దిద్దిన పేపరు ఇంటికి తెమ్మనండి. తప్పుపోయిన ప్రతి లెక్క కింద తప్పెక్కడ జరిగిందో పిల్లలు తమ మాటల్లో ఒక్క వాక్యం రాయాలి. 'సిల్లీ మిస్టేక్' అని రాస్తే ఒప్పుకోకండి. ఏ మెట్టు దగ్గర, ఏమనుకుని అలా రాశారో చెప్పమనండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పేపరును మర్నాడు స్టడీ అవర్‌లో మా దగ్గరికి పంపండి. కొత్త పేపరు తర్వాత ఇద్దాం.