సరదాకే అన్నారా?

ఎదుటివాళ్లను చూసి నవ్వడానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పరాచికం, వేళాకోళం, ఎగతాళి, వెక్కిరింత, గేలి, ఎద్దేవా, ఎకసెక్కం, వెటకారం, హేళన. దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు ఉండనే ఉన్నాయి. తెలంగాణలో పరాష్కం, మజాక్ అంటారు. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఒక్కోదానికి ఒక్కో బరువుంది.

మరదలు బావగారి మీద ఓ మాట విసిరితే పరాచికం. ఆయనా ఒకటి అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. నత్తి ఉన్న పిల్లాడిలా మాట్లాడి చూపిస్తే వెక్కిరింత. "అబ్బో, మా కోడలి సాంబారు రుచి చూస్తే హోటళ్లు మూసుకోవాల్సిందే" అంటే వెటకారం. పెళ్లినాటి పెట్టుపోతల్లో జరిగిన లోటును పదేళ్ల తర్వాత కూడా గుర్తుచేస్తే దెప్పిపొడుపు. నలుగురిలో మనిషిని తీసిపారేస్తే హేళన.

వీటిని కొలవడానికి నాకు తెలిసిన కొలబద్ద ఒకటే. అవతలి మనిషికి తిరిగి అనే వీలుందా, లేదా? పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ మన పెద్దవాళ్లు పాటలు పాడేవారు. ఎంత ఘాటుగా పాడినా అవతలివాళ్లు జవాబు పాడొచ్చు. అందుకే అది వేడుక అయింది. కొత్తకోడలికి ఆ వీలేదీ? ఆమె రంగు మీదో, వంట మీదో, ఇంకా పిల్లలు లేకపోవడం మీదో జోకు వేస్తే తనూ ఓ నవ్వు నవ్వి ఊరుకోవాలి. కళ్లనీళ్లు పెట్టుకుందా, "సరదాకన్నాం, ఆమాత్రానికే ఏడవాలా?" అంటారు. తప్పు అన్నవాళ్లది కాకుండా పోయి, పడ్డవాళ్లదవుతుంది!

నాకు తెలిసిన ఒకావిడ బ్యాంకు ఫారం తనే నింపుకుందామని కూర్చుంటే, భర్త "ఏం కలెక్టరమ్మా!" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. ఆవిడ మళ్లీ పెన్ను పట్టలేదు. కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఒక మనిషి నేర్చుకోవడం అక్కడితో ఆగిపోయింది. పిల్లలు మాత్రం ఒకటి నేర్చుకున్నారు, అమ్మను చూసి నవ్వొచ్చని.

ఆడవాళ్లూ ఇందులో తక్కువేం తినలేదు. అత్తగారు కోడల్ని, ఆడపడుచు వదినని, చదువుకున్న తోటికోడలు చదువుకోని తోటికోడల్ని అనడం చూస్తూనే ఉన్నాం కదా!

పేరు సరిగ్గా పెట్టకపోతే ఏం జరుగుతుందో కాలేజీల్లో చూశాం. ర్యాగింగ్‌ని కూడా ఒకప్పుడు సరదా అనే అన్నారు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టమే తేవలసివచ్చింది. వీధిలో ఆడపిల్లల్ని అల్లరిపెడితే దానికి 'ఈవ్ టీజింగ్' అని ముద్దుపేరు. టీజింగ్ అంటే ఆటపట్టించడమేగా! ఈ మాట వాడవద్దని, దాన్ని వీధిలో జరిగే లైంగిక వేధింపు అనే పిలవాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం చెప్పింది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, పేరు మారగానే నవ్వు ఆగిపోతుంది చూడండి.

ప్రతి మాటకీ చట్టం మన వంటింటి సాంబారు దాకా రాలేదు. అక్కడ పేరు పెట్టాల్సింది మనమే. గొడవ పడనక్కర్లేదు. "అత్తయ్యా, ఇది పరాచికం కాదు, దెప్పడం" అని నెమ్మదిగా అంటే చాలు. ఆ మాట కోడలికి నోరు పెగలకపోతే పక్కనున్నవాళ్లు అనాలి. ముఖ్యంగా భర్త అనాలి. కనీసం అందరితోపాటు నవ్వకుండా ఉండాలి. వినేవాళ్లు నవ్వకపోతే ఎగతాళి ఎంతసేపు నిలుస్తుంది?

ఇంట్లో నవ్వులుండాలి, వద్దని ఎవరంటారు? ఆ నవ్వులో అందరూ ఉన్నారా లేదా, అది చూసుకుందాం.