మొదటి రౌటర్ కొంటున్నారా? చిన్నదే చాలు!

'రౌటర్ కొందామనుకుంటున్నా' అని ఇంట్లో ఒకసారి చెప్పి చూడండి. 'ఉన్న వైఫై బాగానే వస్తోందిగా!' అంటారు. ఈ వారం మన సబ్జెక్టు ఆ డబ్బా కాదు. చెక్కలో గాడి తీసే, అంచుని గుండ్రంగా మార్చే చేతి మెషిన్. డ్రిల్ కొని, జిగ్‌సా కొని, గోడకి రెండు షెల్ఫులు బిగించాక చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే: 'ఏ రౌటర్ తీసుకోవాలి?'

నా జవాబు ముందే చెప్పేస్తా. చిన్నది తీసుకోండి. ఎందుకో వివరంగా చూద్దాం. ఎందుకంటే ఇందులో డబ్బుతో పాటు మీ వేళ్లూ, చెవులూ, ఊపిరితిత్తులూ ఉన్నాయి.

అసలు ఇది ఏం చేస్తుంది?

రౌటర్ అంటే ఒక మోటారు, దాని కొసన బిట్‌ని పట్టుకునే కాలెట్, కింద చెక్క మీద జారే పలక. అంతే. కానీ తిరిగే వేగం చూడండి. మామూలు ఇంటి డ్రిల్ నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరిగితే, చిన్న రౌటర్ 30,000 చుట్లు తిరుగుతుంది. అందుకే కోత అంత నున్నగా వస్తుంది. తేడా వస్తే దెబ్బ కూడా అంత వేగంగానే తగులుతుంది.

పీట అంచులు గుండ్రంగా చేయాలన్నా, షెల్ఫ్ పలక కూర్చోవడానికి గాడి కావాలన్నా, నేమ్‌ప్లేట్ మీద అక్షరాలు చెక్కాలన్నా ఇదే. ఇంటీరియర్ పని జరుగుతున్న ఏ ఫ్లాట్‌లోకైనా తొంగి చూడండి. సన్‌మైకా అంచుల్ని 'జుయ్'మని సమం చేస్తున్న చిన్న మెషిన్ కనిపిస్తుంది. మన కార్పెంటర్లు దాన్ని 'ట్రిమ్మర్' అంటారు. మొదటి రౌటర్‌గా నేను చెప్పేది దాన్నే.

పెద్దదా, చిన్నదా?

పెద్ద ప్లంజ్ రౌటర్‌కి రెండు పక్కలా పిడులుంటాయి, స్ప్రింగుల మీద కిందికి దిగుతుంది. ఉదాహరణకి మకీటా ఆర్పీ2301ఎఫ్‌సీ తీసుకోండి. 2,100 వాట్లు, ఆరు కిలోల పైన బరువు. తలుపుల ఫ్రేములు, లోతైన గాడులు చేసేవాళ్లకి అది కావాలి. అద్దింటి బాల్కనీలో మొబైల్ స్టాండ్ చేసుకునే మనకి అది చీమ మీద బ్రహ్మాస్త్రం. పైగా 2,100 వాట్లంటే మన 230 వోల్టుల లైన్‌లో తొమ్మిది ఆంపియర్లు. గీజర్‌కి వాడే పెద్ద సాకెట్ ఉండాల్సిందే. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే ఆ వైరే వేడెక్కుతుంది.

ట్రిమ్మర్ ఒకటిన్నర, రెండు కిలోల లోపే. ఒంటి చేత్తో పట్టొచ్చు, మామూలు సాకెట్ సరిపోతుంది. బాష్ జీకేఎఫ్ 550 అయితే 550 వాట్లు, వేగం ఒక్కటే, 33,000 చుట్లు. మకీటా 3709 అయితే 530 వాట్లు, అదీ ఒకే వేగం, 30,000. మకీటా ఆర్‌టీ0700సీ 710 వాట్లు, వేగాన్ని 10,000 నుంచి 30,000 దాకా మార్చుకోవచ్చు. బడ్జెట్ ఒప్పుకుంటే వేగం మార్చుకునే రకమే నా ఓటు.

ఆ డయల్ ఎందుకంటే, చిన్న లెక్క చేద్దాం. 12 మిల్లీమీటర్ల బిట్ 30,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకి 68 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే 50 మిల్లీమీటర్ల బిట్ అయితే? 280 కిలోమీటర్లు దాటుతుంది! అందుకే బిట్ వెడల్పు పెరిగేకొద్దీ చుట్లు తగ్గించాలి. ఒకే వేగం ఉన్న మెషిన్‌తో వెడల్పు బిట్‌ల జోలికి అస్సలు పోకండి.

0.35 మిల్లీమీటర్ల గొడవ

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మార్కెట్లో 6 మిల్లీమీటర్ల కాడ ఉన్న బిట్‌లు దొరుకుతాయి, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. కంటికి రెండూ ఒకటే. పావు అంగుళం బిట్ 6 కాలెట్‌లో దూరదు, అది మంచిదే. కానీ 6 బిట్ 6.35 కాలెట్‌లో హాయిగా దూరుతుంది. గట్టిగా బిగించినట్టే అనిపిస్తుంది. ఆన్ చేశాక జారడం మొదలెడితే అది ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కొనేటప్పుడే కాలెట్ సైజు అడగండి, బిట్‌లన్నీ అదే సైజులో తీసుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో కప్‌బోర్డుల పనికొచ్చిన కార్పెంటర్ అన్న ఒకాయన ఓ మాటన్నాడు: "తమ్మీ, మెషిన్ తిప్పుతది అంతే. కోసేది బిట్టు." అక్షరాలా నిజం. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు బిట్‌లకీ, రక్షణ సామానుకీ పక్కన పెట్టండి. పన్నెండు బిట్‌ల చవక సెట్ కంటే కార్బైడ్ మొన ఉన్న మంచివి మూడు మేలు. 6 మిల్లీమీటర్ల స్ట్రెయిట్ బిట్ ఒకటి, బేరింగ్ ఉన్న రౌండ్ ఓవర్ ఒకటి, బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ ఒకటి. అక్షరాలు చెక్కాలనుంటే వీ బిట్ కలపండి.

సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి హార్డ్‌వేర్ మార్కెట్ దగ్గర్లో ఉంటే ఒకసారి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. మీ పిడికిట్లో ఇముడుతోందా, స్విచ్ బొటనవేలికి అందుతోందా అన్నది ఫోన్ స్క్రీన్ మీద తెలియదు. సెకండ్ హ్యాండ్ అయితే ప్లగ్ తీసి ఉండగా కాలెట్ పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఊగితే బేరింగ్ పోయినట్టే. తర్వాత ఆన్ చేసి చూడండి. లోపల నిప్పురవ్వలు బాగా ఎగురుతుంటే కార్బన్‌లు అరిగాయేమో అడగండి.

ప్రదక్షిణ సూత్రం

మెషిన్ వచ్చింది. ఎటు తోయాలి? చెక్క మీద రౌటర్ పెట్టి పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లులా తిరుగుతుంది. కాబట్టి పలక బయటి అంచులకి అప్రదక్షిణంగా వెళ్లాలి. ఫ్రేము లోపలి అంచులకి ప్రదక్షిణంగా వెళ్లాలి. అలా వెళ్తే బిట్ చెక్కకి ఎదురు నిలిచి నెమ్మదిగా కోస్తుంది. తిరగేసి తోశారంటే బిట్ చక్రంలా పరిగెత్తి మెషిన్‌ని మీ చేతిలోంచి లాక్కుపోతుంది.

నాలుగు వైపులా అంచు చేసేటప్పుడు చెక్క పోగు అడ్డంగా తెగే రెండు చివర్లూ ముందు చేయండి. మూలలో కాస్త చిట్లినా, తర్వాత పొడవు వైపు కోసేటప్పుడు అది పోతుంది. గాడి లోతు ఒక్క దెబ్బకి వద్దు. 6 మిల్లీమీటర్ల బిట్‌తో ఒకసారికి 3 మిల్లీమీటర్లు చాలు. 9 కావాలంటే మూడుసార్లు వెళ్లండి. చెక్క నల్లగా మాడుతోందా? మీరు మరీ నెమ్మదిగా తోస్తున్నారు, లేదా బిట్ మొద్దుబారింది.

ఇవి మాత్రం బేరాల్లేవు

బిట్ మార్చే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకేయాలి. బిట్ కాడని కాలెట్‌లో అడుగు దాకా దింపి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి. చెక్కని క్లాంపుతో బల్లకి బిగించాలి, మోకాలితో నొక్కిపట్టడం కాదు. తిరిగే మెషిన్ దగ్గర గ్లవ్స్ వద్దు. గాజులు, చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు ఏవీ వద్దు. కళ్లద్దాలు ఉండాల్సిందే. చెవులకి ఇయర్ మఫ్స్ పెట్టాలి, ఇయర్‌బడ్స్‌లో పాటలు దానికి బదులు కావు.

మాస్క్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఎండీఎఫ్ పొడి అయితే మరీ మెత్తగా, గాలిలో చాలాసేపు తేలుతుంది. ఎన్95 పెట్టుకోండి. బట్టలు ఆరేసిన బాల్కనీలో, పక్కింటి పాప ఆడుకుంటుండగా ఈ పని మొదలెట్టకండి.

తెచ్చిన రోజే టేకు పలక మీద పెట్టకండి. కార్పెంటర్ దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. వాటి మీద ఒక ఆదివారం గడపండి. పది అంచులు చేసేసరికి మోటారు శబ్దం మారడాన్ని బట్టే ఎప్పుడు తోయాలో, ఎప్పుడు ఆగాలో చెయ్యి తెలుసుకుంటుంది. ఆ తర్వాత అమ్మకి ఓ చపాతీ పీట చేసివ్వండి. పెద్ద రౌటర్ కావాలా వద్దా అన్నది అలాంటివి అయిదారు పూర్తయ్యాక మీకే తెలుస్తుంది.