కాలు విరగ్గొట్టుకో తమ్ముడూ!

నాటకంలో వేషం కట్టి స్టేజీ ఎక్కబోతున్నారు. పక్కనున్నవాడొచ్చి "పో, కాలు విరగ్గొట్టుకో!" అన్నాడనుకోండి. ఏం చేస్తారు? ముందు వాడి కాలు విరగ్గొడతారు! కానీ ఇంగ్లీషు నాటకాలవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే దీవెన అదే - "బ్రేక్ ఎ లెగ్". బాగా జరగాలని నేరుగా అంటే చెడుతుందని వాళ్ళ భయమట. మనం గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తే, వాళ్ళు మాటతోనే కాలు విరిచి తీస్తారన్నమాట!

ఈ నవ్వు వెనక నాకో ఏడుపు కథ ఉంది. వినండి.

అది 1988. మాది షాద్‌నగర్. ఇప్పుడు రంగారెడ్డి జిల్లా గాని, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాయే. తెలుగు మీడియంలో డిగ్రీ గట్టెక్కి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పని ఉందంటే పొద్దున్నే బస్సెక్కి గౌలిగూడలో దిగాను. మేనేజరుగారు జీతం, టూర్లు అన్నీ ఇంగ్లీషులోనే చెప్పారు. అంకెలు అర్థమయ్యాయి, తలూపాను. చివర్న ఆయన నవ్వుతూ "స్లీప్ ఆన్ ఇట్" అన్నారు. నాకు తెలిసింది "స్లీప్" ఒక్కటే. "పోయి పడుకో" అన్నాడనుకొని, మొహం మాడ్చుకొని బయటికొచ్చేశాను.

"ఏమాయెరా, కొలువు దొరికిందా?" అనడిగింది అమ్మ.

"పండుకో పొమ్మన్నడమ్మా."

అమ్మ ఇంకేమీ అనలేదు. నా బస్సు చార్జీలకు చేబదులు తెచ్చిన మనిషి ఆమె. అన్నం పెట్టి అటు తిరిగింది.

పది రోజుల తర్వాత మా దోస్తు ఈ కథ విని నెత్తి కొట్టుకున్నాడు. "అరె పిచ్చోడా! ఇయ్యాల రాత్రి మంచిగ ఆలోచించుకొని రేపు చెప్పు అన్నడురా ఆయన!" పరుగెత్తుకెళ్ళాను. ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు!

బళ్ళో నేను బట్టీపట్టిన ఇంగ్లీషు జాతీయం ఒక్కటే - కుక్కలూ పిల్లులూ కురిసే వాన. ఆ మాట ఇంతవరకూ ఎవరూ నాతో అనలేదు!

ఆ తర్వాత మా దోస్తే నన్ను సికింద్రాబాద్ సంగీత్ థియేటరుకు లాక్కుపోయేవాడు. అప్పట్లో ఇంగ్లీషు సినిమాలకు అది పెట్టింది పేరు. ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. విన్న మాటకు అర్థం ఒక్కటే కాదు, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకునేవాణ్ణి. అప్పుడు గాని తాళం తెరుచుకోలేదు.

మన సినిమావాళ్ళ మాటలే చూడండి. "కట్ టు ద ఛేజ్" అంటే సోది ఆపి అసలు సంగతికి రమ్మని. మూకీల కాలంలో సాగదీసిన సీన్లు కోసి వెంటాడే సీనుకు దూకమనడం నుంచి వచ్చింది. "లైమ్‌లైట్" అంటే సున్నపు వెలుగు. కరెంటు దీపాలు రాకముందు 19వ శతాబ్దంలో సున్నాన్ని బాగా వేడిచేసి, ఆ తెల్లటి కాంతిని నటుల మీద పడేలా చేసేవారు. ఇక మన పోస్టర్ల మీది "బ్లాక్‌బస్టర్" రెండో ప్రపంచయుద్ధంలో ఒక వీధి సముదాయాన్నే కూల్చగల బాంబు!

2012లో వచ్చిన "ఇంగ్లీష్ వింగ్లీష్" చూశారుగా? న్యూయార్క్ క్లాసులో శ్రీదేవితోపాటు ఒక చైనా అమ్మాయీ ఇంగ్లీషు నేర్చుకుంటుంది. ఆ పిల్ల అవస్థా మన అవస్థే. మనం "దున్నపోతు మీద వాన" అంటే చైనావాళ్ళు "ఎద్దు ముందు వీణ వాయించడం" అంటారు. అనవసరమైన పని చేస్తే "పాముకు కాళ్ళు గీశావు" అంటారు. మరి మనవాడు "నీళ్ళు నములుతున్నాడు" అంటే పాపం ఆ పిల్లకేం తెలుస్తుంది? నీళ్ళను పళ్ళతో ఎలా నములుతారా అని చూస్తుంది!

కాబట్టి తెలియకపోవడం తప్పు కాదు. ఆ రోజు మేనేజరుగారి ముందు "అంటే ఏమిటి సార్?" అని ఒక్క మాట అడగలేకపోయాను చూడండి, అదీ నా తప్పు. అడిగితే పోయేది ఒక్క నిమిషం పరువు. అడక్కపోతే పోయింది కొలువు.

రేపో మాపో మీరూ ఇంటర్వ్యూలకు వెళ్తారు. తెలియని మాట చెవిన పడితే జంకకుండా అడగండి.

మరి, వచ్చే వారం దాకా... బ్రేక్ ఎ లెగ్!