ఆ పిల్ల ఏ బడికి పోతోంది?

మీరు పని చేసే ఇంట్లోనో, మీ సైటు పక్క అపార్ట్‌మెంట్లోనో ఒక పిల్ల కనబడుతుంది. పన్నెండు పదమూడేళ్లుంటాయి. మంగళవారం పొద్దున పదకొండు గంటలకి అంట్లు తోముతూ ఉంటుంది. అడిగితే "మా చుట్టాలమ్మాయి, ఊరినుంచి వచ్చింది" అంటారు. మనకెందుకులే, వాళ్లింటి సంగతి అని మీరు ఊరుకుంటారు. పైగా ఆ ఇంటాయన మీకు జీతమిచ్చే మనిషి, మీ కాగితాలు చూసిన మనిషి, ఒక్కోసారి మీ ఊరివాడు కూడా.

ఊరుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే బర్క్లీ సంగతి చెప్పాలి.

కాలిఫోర్నియాలోని బర్క్లీలో 1999 నవంబరు 24న ఒక అపార్ట్‌మెంట్లో పదిహేడేళ్ల తెలుగు అమ్మాయి చనిపోయింది. హీటరు గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు గదిలోనే నిండింది. పదిహేనేళ్ల చెల్లెలు బతికింది. ఆ బిల్డింగు లకిరెడ్డి బాలిరెడ్డిది. మైలవరం దగ్గర వెల్వడం నుంచి వచ్చి బర్క్లీలో అపార్ట్‌మెంట్లు, రెస్టారెంటు సంపాదించినవాడు. మన వైపు బళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ కట్టించిన దాత అని పేరు. ఆ అక్కచెల్లెళ్లని వేరేవాళ్ల కూతుళ్లుగా చూపించి దొంగ కాగితాల మీద ఈ దేశం తెచ్చారు. 2001లో బాలిరెడ్డి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు: మైనరు ఆడపిల్లల్ని లైంగికంగా వాడుకోవడానికి తెప్పించడం, వీసా మోసం. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం.

ఊళ్లో బడి కట్టించిన మనిషి తెచ్చిన పిల్లలు ఇక్కడ బడి మొహం చూడలేదు.

ఇది ఎలా బయటపడిందో చూడండి. ఆ రోజు కారులో పోతున్న ఒక ఆవిడకి, కొందరు మగాళ్లు చుట్టిన కార్పెట్‌లో ఎవరినో మోసుకొచ్చి వ్యానెక్కించడం, ఇంకో అమ్మాయి ఏడుస్తుంటే లాక్కెళ్లడం కనబడింది. ఆవిడ కారు ఆపింది, అడ్డం పడింది, దారినపోయే ఇంకొకరిచేత 911కి ఫోన్ చేయించింది. తర్వాత బర్క్లీ హైస్కూలు పత్రికలో రాసే ఇద్దరు విద్యార్థినులకి ఒక అనుమానం వచ్చింది: పదిహేడేళ్ల పిల్ల మన ఊళ్లోనే ఉంటూ మన బళ్లో ఎందుకు లేదు? డిసెంబరులో ఆ సంగతి రాశారు. 2000 జనవరిలో అరెస్టు జరిగింది.

వీళ్లలో ఎవరికీ తెలుగు రాదు. మరి తెలుగు వచ్చినవాళ్లం ఏం చేశాం? ఆ రెస్టారెంట్లో, ఆ అపార్ట్‌మెంట్లలో పనిచేసినవాళ్లలో చాలామందిని అలాగే తెచ్చారు. అమ్మానాన్నలు ఊళ్లో, తాము ఇక్కడ, ఇద్దరి బతుకూ ఒకరి చేతిలో. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ కేసు నడిచాక కూడా "ఊరికి ఎంత చేశాడండీ" అన్నవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లమీద మాత్రం కోపం ఉంది.

"ఇంకా కాగితాలు రాలేదు, అందుకే బళ్లో వెయ్యలేదు" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. కాగితాలు లేని పిల్లలకి కూడా గవర్నమెంటు బళ్లో చదివే హక్కు ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు ఇచ్చింది. సైటు మీద కూడా అంతే. పద్నాలుగు పదిహేనేళ్లవాణ్ణి కాంట్రాక్టరు కట్టుబడి పనికి పెట్టుకోకూడదు. పద్దెనిమిది నిండనివాణ్ణి రూఫు పనికి ఎక్కించకూడదు, పాత బిల్డింగులు కూలగొట్టే పనిలో పెట్టకూడదు.

ఇక మన ఇళ్ల సంగతి. రెండు షిఫ్టులు చేసే తల్లి నాలుగేళ్లవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి వెళ్తే అదీ ప్రమాదమే, ఈ దేశంలో నిర్లక్ష్యం కింద కేసూ అవచ్చు. కానీ ఆ తల్లిని నేను బాలిరెడ్డి పక్కన నిలబెట్టను. అలాంటిది కనబడితే ముందు తలుపు తట్టండి. "మా ఇంట్లో వదిలెయ్ వదినా, నేను రాత్రి ఇంట్లోనే ఉంటా" అనండి. చాలాసార్లు దాంతో సరిపోతుంది. బెల్టు తీసి కొట్టడం వేరే. "మా నాన్న మమ్మల్ని కొట్టలేదా, బాగుపడలేదా" అనే మాట మనందరి ఇళ్లలో ఉంది. ఒంటిమీద వాతలుంటే బళ్లో టీచరు ఫోన్ చేసి చెప్పి తీరాలి, ఇక్కడి చట్టం అది.

పరాయి పిల్లని పనికి పెట్టుకుని దాచిన చోట మాత్రం తలుపు తట్టి అడగొద్దు. యజమాని జాగ్రత్తపడి పిల్లని వేరే చోటికి మార్చేస్తాడు. పిల్ల ఒంటరిగా దొరికినప్పుడు మామూలుగా అడగండి: "ఏ బడికి పోతున్నావమ్మా? మీ టీచరు పేరేంటి?" బడికి పోయే పిల్ల టక్కున చెబుతుంది. తడబడి వంటింటి వైపు చూస్తే మీకు సగం అర్థమైనట్టే. రుజువులు వెతకడం మీ పని కాదు. అడ్రసు, మీరు చూసిన రోజు, టైము ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ చెయ్యండి.

పిల్లలమీద హింసకి చైల్డ్‌హెల్ప్ 1-800-422-4453. తెచ్చి బలవంతంగా పని చేయిస్తున్నారనిపిస్తే ట్రాఫికింగ్ హాట్‌లైను 1-888-373-7888. ప్రాణం మీదికొస్తే 911. మొదటి రెండూ రాత్రీపగలూ పలుకుతాయి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు, తెలుగు" అనండి, ఇంటర్‌ప్రిటర్ కోసం లైన్లోనే ఆగండి. పోలీసులు ఇంటికొస్తే యజమానినో అతని చుట్టాన్నో మధ్యలో తర్జుమాకి ఒప్పుకోవద్దు, బయటి మనిషిని అడగండి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద, అనుమానం తప్పని తేలినా, కేసు ఉండదు. మీ పేరు ఆ ఇంటివాళ్లకి చెప్పరు. ఇలా తెచ్చినవాళ్లకి టీ-వీసా అని 2000 అక్టోబరులో చట్టం వచ్చింది. పద్దెనిమిది లోపు పిల్లలైతే పోలీసులకి సాక్ష్యం చెప్పాలన్న షరతు కూడా లేదు. అందుకని "దేశం నుంచి పంపేస్తారు" అని ఆ పిల్లని భయపెడుతుంటే, అది అబద్ధమని ఆమెకి చెప్పగలిగినవాళ్లు తెలుగు వచ్చిన మీరే.