మిద్దెకొక నాగజెముడు: బల్కంపేట వాసులకు మనవి



ఆషాఢమాసమున ఎల్లమ్మ కల్యాణమునకు నగరము నలుమూలలనుండి జనము తరలివచ్చి, నేలమట్టమునకు పదియడుగుల లోతున బావిలో శయనించియున్న తల్లిని దర్శించి, ఆ బావినీటినే తీర్థముగా పట్టుకొనిపోవుచుండగా, ఆ గుడికి నాలుగు వీథుల కవతల, టాంకరుకు రూకలు చెల్లించి తెప్పించుకొన్న నీటిని, నడివేసవి మధ్యాహ్నమున గొట్టముతో వాకిటి పచ్చికపై చిమ్ముట నేను పలుమార్లు చూచితిని. చూచి ఊరకుండలేక ఈ కరపత్రము వ్రాయుచున్నాను.

నేను కోరునది స్వల్పము. నిత్యము నీరడుగు పచ్చికను, చీటికిమాటికి వాడిపోవు సీమపూలను కొంత తగ్గించి, మిద్దెలమీదను, అపార్టుమెంటు వాకిళ్ళయందును, కాలనీ పార్కుల ఎండమూలలయందును ముళ్ళులేని నాగజెముడును పెంచుడని నా ప్రార్థన. ముండ్లచెట్టు ఇంట కూడదందురా? దిష్టి తగులకుండ గడపపై కలబందను తలక్రిందులుగా వ్రేలాడదీసి, నీటిచుక్కయైనను లేక అది నెలల తరబడి పచ్చగా నుండుట చూచి సంతసించువారము మనమే కదా! ఆ కలబంద చేయు పనినే పాముపడగవంటి మట్టలుగల ఈ మొక్కయు చేయును. పగటి ఎండలో తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెరచి గాలిని గ్రహించును గనుక, ఇతర వృక్షములు ఆవిరిగా పోగొట్టుకొను నీటిని ఇది దాచుకొనగలుగుచున్నది.

శీతలదేశముల తోటమాలులు మంచునకు తాళు రకములకై వెదకుదురు. కెనడాలో సైతము హిమము క్రింద బ్రదుకు నాగజెముళ్ళు కలవు. అవి చలి ముదురకమునుపే తమలోని నీటిని తగ్గించుకొని, ముడుతలు పడి నేలకు వాలి, వసంతమున మరల నిక్కును. మనకా చింత లేదు. 1946 జనవరిలో 6.1 డిగ్రీలకు దిగుటయే హైదరాబాదు చలికి పరాకాష్ఠగా చెప్పుదురు; 1966 జూనులో ఎండ 45.5 డిగ్రీల కెక్కినది. ఆ ఎండను సహించు మొక్కకు ఇచ్చట శత్రువు మన దయయే. మా మిద్దెపై నాటిన తొలి మొక్క ఎండకు చావలేదు. శ్రావణపు ముసురులో, అడుగు చిల్లు పూడుకొనిపోయిన కుండీలో, నేను చాలదని పోసిన నీటికి మురిగి చచ్చెను. కావున మట్టను కోసి, గాయమారువరకు వారము పదిదినములు నీడనుంచి, సగము ఇసుక కలిపిన మట్టిలో మూడవవంతు మాత్రమే పాతవలెను. వేళ్ళూనిన తరువాత, మన్ను పూర్తిగా ఎండిననాడే నీరు. వానకాలమున ఆ ఊసే వలదు.

అయితే మొక్కను పొగడుచు దాని పూర్వచరిత్రను దాచుట న్యాయము కాదు. ఇది అమెరికా ఖండమునుండి వచ్చినది. మెక్సికో నేలిన స్పెయినువారి గుత్తగానున్న, ఈ మొక్కపై బ్రదుకు పురుగునుండి తీయు కొచినీలు ఎర్రరంగును తామును తీయవలెనను ఆశతో ఈస్టిండియా కంపెనీవారి వైద్యుడు జేమ్స్ ఆండర్సను పదునెనిమిదవ శతాబ్ది చివర మద్రాసు చెంత సైదాపేటలో దీని తోటనే వేయించెను. 1795లో కలకత్తాకు వచ్చిన పురుగు అసలు రంగుపురుగు కాకపోయెను; రంగు నాసి, ఆకలి మాత్రము ఘనము. కాలక్రమమున వేరొక జాతి నాగజెముడు దక్షిణదేశపు బీళ్ళను, పొలముగట్లను ఆక్రమింపగా, 1926లో సింహళమునుండి మరియొక పురుగును తెచ్చి వదలిన పిదపగాని దాని పొగరణగలేదు. కత్తిరించిన మట్టలను ఖాళీ స్థలములలోను, నాలాలలోను పారవేయవలదని నేను గట్టిగా చెప్పుటకు కారణమిదియే. పడిన ప్రతి ముక్కయు వేరు తన్నును. దీనిని కుండీలోనో, గట్టు కట్టిన మడిలోనో ఉంచుడు, అదుపు తప్పనీయకుడు.

కాలనీ సంఘముల పెద్దలు వచ్చు సమావేశమున పార్కులో నొక్క మడినైనను ఇందులకు కేటాయించి, ఒక వేసవి గడచిన పిమ్మట టాంకరు లెక్కలను సరిచూచుకొందురుగాక. మిద్దెలవారు అంతవరకు వేచియుండ నక్కరలేదు. మా యింట పది పదునైదు మట్టలు కోసి నీడలో ఆరబెట్టియున్నాను. ఈ కాగితము మీ చేతికిచ్చిన పిల్లవాని నడిగిన ఇల్లు చూపును. వచ్చునప్పుడు పాత వార్తాపత్రికయొకటి వెంట తెచ్చుకొనుడు. ముళ్ళులేని రకమే యైనను, దాని నూగు వ్రేళ్ళకు గ్రుచ్చుకొనిన రెండు దినములు అన్నము కలుపుకొనుట కష్టము.