కుండలు పగులగొట్టిన చాలునా?

గత మాసమున నొక న్యాయస్థానములో మా కనులయెదుట రెండు వస్తువులు సాక్ష్యముగ నుంచబడినవి. మొదటిది పట్టణములలో ప్రతి వంటయింటను కనబడు ప్రెషర్ కుక్కరు. మూతపై కూతవేయు బరువును తీసివేసి, ఆ స్థానమున నొక రబ్బరు గొట్టమును బిగించి, దానిని చల్లనినీటి బకెట్టు గుండ సీసాలోనికి దింపియుండిరి. రెండవది మసిబట్టిన మట్టికుండ. దానిప్రక్క నొక వెదురుగొట్టము. కుక్కరు యజమాని ఇరువదినాలుగేండ్ల పట్టభద్రుడు. సెల్‌ఫోనులో చూచి బట్టీని బాగుచేసికొంటినని మాతో గర్వముగనే చెప్పెను. కుండ యజమానురాలు మన్యమునుండి తీసికొనిరాబడిన వృద్ధురాలు. ఆమె ఎవరితోను ఏమియు చెప్పలేదు. ఇద్దరిపై మోపబడిన నేర మొక్కటే. చట్టము దృష్టిలో కుక్కరును కుండయు సమానములే.

ఈ సమానత్వమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలచుచున్నాము. మేము మద్యపానమునకు విరోధులము. ఆ యుద్యమమున సేవకులముగ ఊరూరు తిరిగినవారము. పొట్టకూటికి న్యాయవాదులము. ఉద్యమమున పగులగొట్టిన కుండనే న్యాయస్థానమున సమర్థింపవలసివచ్చినపుడు మనుజునకు కొంత జ్ఞానోదయము కలుగును.

బట్టీ మర్మము చిన్నది. బెల్లపునీరో ఇప్పపూవో పులిసి ఊటయైనపుడు అందు మద్యసారము నీటితో కలసియుండును. మద్యసారము 78 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే మరుగును. నీటికి 100 డిగ్రీలు కావలెను. కావున కాచినపుడు లేచు ఆవిరిలో మద్యసారము పాలు హెచ్చుగ నుండును. ఆ యావిరి చల్లబడి సారాయై చుక్కచుక్కగ దిగును. తక్షశిలయందును, పెషావరు ప్రాంతపు షైఖాన్ ఢేరీయందును త్రవ్వకములలో దొరకిన మట్టిపాత్రలనుబట్టి ఈ విద్యకు భారతభూమియే పుట్టినిల్లు కావచ్చునని పురాతత్త్వవేత్త ఆల్చిన్ 1979లో వాదించెను. మన రసశాస్త్ర గ్రంథములలో తిర్యక్పాతన యంత్రమని చెప్పబడినదియు ఈ కోవలోనిదే. నేటికిని కనోజిలో రాగిపాత్రలను వెదురుగొట్టముతో కలిపి, మట్టితో మూతి మెత్తి, గులాబీల అత్తరు దింపుచున్నారు. కావున కుండ చేసిన పాప మేమియు లేదు. అందు పోసిన దేమి, దిగినదాని నేమిచేసిరి, దానివలన ఎవరు బాగుపడిరి, ఎవరు చెడిరి అనునవియే విచారింపదగిన ప్రశ్నలు.

మరి కుండ కుక్కరుగను, డ్రమ్ముగను ఏల మారెను? ఇందుకు చరిత్ర కలదు. మన్యప్రజలు తమ వాడుకకు కల్లు తీసికొనుటపై ఆంక్షలు పెట్టి, చిగురుపన్ను పేర వారిని పిండగా 1879లో రంపదేశము తిరుగబడెను. ఆపై ఆంగ్లప్రభుత్వము చిన్న చిన్న బట్టీలను క్రమముగ తొలగించి, గుత్తకు తీసికొన్న పెద్ద డిస్టిలరీల సారానే ప్రజలకు సరఫరా చేయు పద్ధతిని వ్యాపింపజేసెను. వేయి బట్టీల లెక్క తీయుటకంటె ఒక డిస్టిలరీ లెక్క తీయుట సుంకము వసూలుచేయువానికి సులభము. త్రాగుడు తగ్గలేదు, ఇంటి కుండ మాత్రము నేరస్థురాలయ్యెను. 1922లో ఆంగ్లేయులపై పితూరీ లేవదీయుటకు ముందే అల్లూరి సీతారామరాజు అదే మన్యమున త్రాగుడు మానుడని బోధించెను. ఒకరు పన్నుకొరకు కుండను పట్టిరి. ఒకరు మనుజునికొరకు త్రాగుడును మాన్పింపజూచిరి. ఈ రెంటికిని గల భేదమును స్వతంత్ర భారత ప్రభుత్వములును మరచినవి. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేచి, సారాపాటలను నిలువరించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారానిషేధమును సాధించువరకు సారాను అమ్మించినది ప్రభుత్వమే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెను. నేడును ఉభయ తెలుగు రాష్ట్రముల బడ్జెట్టులలో మద్యపు ఆదాయము గొప్ప పద్దుగనే యున్నది.

చట్టము తరుముకొలది బట్టీ తన రూపము మార్చుకొనెను. దొంగచాటు వస్తువు త్వరగ కాగవలెను, త్వరగ దాగవలెను. మట్టికుండకు బదులు ఇనుపడ్రమ్ము వచ్చెను. వెదురునకు బదులు ప్లాస్టిక్ గొట్టము వచ్చెను. ఇప్పపూవునకు బదులు నల్లబెల్లమును పటికయు వచ్చెను. ఆ డ్రమ్ములో మునుపే రసాయనము నిలువయుండెనో అడుగువాడు లేడు. అమెరికా దక్షిణరాష్ట్రములలో దొంగసారా కాచువారు పాత మోటారుకారు రేడియేటర్లను ఆవిరి చల్లార్చుటకు వాడగా, వాని యతుకులలోని సీసము సారాలో కరగి త్రాగినవారి నరములను మూత్రపిండములను చెరిచెను. ఇదియు బట్టీకి చేసిన మెరుగే! దొంగసరకును పరీక్షింపు వ్యవస్థ యుండదు గనుక, ఆ పరీక్ష త్రాగువాని శరీరముపైననే జరుగును.

పట్టణపు యువకుల మెరుగు మరియొక తీరు. 2020లో కరోనా కాలమున మద్యపు దుకాణములు మూతపడగా కుక్కరు బట్టీలను గూర్చి వార్తలు వినవచ్చెను. ఆ యలవాటు కొందరిలో నిలిచిపోయినది. మా పట్టభద్రుని వాదము వినుడు: "మొదట దిగిన గ్లాసెడు పారబోసితిని, విషము పోయినది." ఇది సగము చదువు. మిథైల్ ఆల్కహాలు 64.7 డిగ్రీలకే మరుగునన్న మాట నిజమే. కాని నీటితోను మద్యసారముతోను కలసియున్నపుడు అది మొదటి గ్లాసుతోనే సెలవు పుచ్చుకొని పోదు. మొదటినుండి తుదివరకు కొంతకొంత దిగుచునే యుండును. ఇక కుక్కరు రంధ్రము పిప్పితో మూసికొన్నచో మూత పిడుగువలె లేచును. గొట్టము జారి ఆవిరి పొయ్యివైపు సాగినచో వంటయిల్లే తగులబడును. దీనిని మెరుగనుట మాటను చెరుచుట.

అయితే సత్యమును సగమే చెప్పుట న్యాయము కాదు. బెల్లపుటూటలో మిథైల్ ఆల్కహాలు పుట్టునది స్వల్పము; పండ్ల తొక్కలున్నచోట కొంత హెచ్చు. ఊళ్లకు ఊళ్లను వల్లకాడు చేసిన విషము ఊటలో పుట్టినది కాదు. కార్ఖానాలకొరకు తయారైన దానిని తరలించి, నీళ్లు కలిపి, సారాయని అమ్మినది. 2009లో అహమ్మదాబాదునందు 100 మందికి పైగా, 2022లో అదే గుజరాతులోని బోటాడు ప్రాంతమున 40 మందికి పైగా, 2024 జూనులో తమిళనాడు కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా బలియైరి. గుజరాతు నిషేధము అమలులోనున్న రాష్ట్రమని పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ మృతులలో అధికులు కూలినాలి చేసికొని బ్రతుకువారు. సారా త్రాగిన మరునాడు చూపు మసకబారినను, కడుపునొప్పితో ఆయాసము పుట్టినను అది నిషా దిగుటయని పరుండబెట్టరాదు. తత్క్షణము పెద్దాసుపత్రికి చేర్పవలెను. విరుగుడు మందును, డయాలిసిస్సును సకాలమున అందినచో ప్రాణమును చూపును దక్కు అవకాశము కలదు. ప్రతి పఠనమందిరమునందును ఈ మాట గోడపై వ్రాయబడవలెనని మా కోరిక.

ఇచట మా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మేమును మా మిత్రులును జెండాలు పట్టుకొని ఒక మన్యపు పల్లెకు పోయి, ఒక ముసలమ్మ యింటి కుండలను వీథిలోనికి తెచ్చి పగులగొట్టితిమి. ఛాయాచిత్రములు తీయించుకొంటిమి. ఆమె ఏడ్వలేదు, తిట్టలేదు. "పగలగొట్టండి బాబూ. పోతూ పోతూ బెల్లం అమ్మినాయన కొట్టుకాడ కూడా ఆగి, ఆ బస్తాలు కూడా పారబోసి పోండి" అన్నది. మేము ఆ కొట్టువద్ద ఆగితిమి. సోడా త్రాగుటకు ఆగితిమి. బస్తాలు గోడవారగ పేర్చియుండెను. కొట్టుయజమాని మా యుద్యమమునకు చందా యిచ్చినవాడు. మేము ఏమియు అనక తిరిగివచ్చితిమి. ఆ సోడా రుచి నేటికిని మా నాలుకను వదలలేదు.

నాటి మా పిరికితనమునకును నేటి చట్టపు అమలునకును పోలిక కలదు. 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము అనుమతిలేక సారా కాచుటయేగాక, కాచుటకు సాధనముల నుంచుకొనుటయు నేరమే. అది యట్లుండనిండు. కాని మేము చూచిన అభియోగములలో రసాయన పరీక్షకుని నివేదిక తరచు ఒక్క వాక్యమే: నాటుసారా, త్రాగుటకు పనికిరాదు. అందు మిథైల్ ఆల్కహాలెంత, సీసమెంత యను లెక్క మాకు కానరాలేదు. ఆ లెక్కలేక న్యాయాధిపతి విషము కలిపినవానిని కుండపెట్టినదానినుండి ఎట్లు వేరుచేయును?

వేరుచేయుటకు చట్టమున చోటు లేకపోలేదు. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపానీయముల నిషేధమును నియంత్రణమును గ్రామసభకును పంచాయతీకిని అప్పగింపవలెనని శాసించినది. 1919 నాటి విషపదార్థముల చట్టము విషముల నిలువపైన, అమ్మకముపైన నియమములు చేయు అధికారమును రాష్ట్రములకిచ్చినది. పారిశ్రామిక మద్యసారముపైనను రాష్ట్రములకు శాసనాధికారము కలదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పుచెప్పినది. ఇక అధికారము చాలదను సాకు చెల్లదు. మిథైల్ ఆల్కహాలు పీపా కార్ఖానానుండి బయలుదేరినది మొదలు ఖర్చగువరకు లెక్క చూపవలెను. పట్టుబడిన సారాలో నేమున్నదో అంకెలతో వెల్లడింపవలెను. ఇంటికుండకును అమ్మకపు డ్రమ్మునకును శిక్షలో భేదముండవలెను. కుండను పట్టినచోట బెల్లపు బస్తాల వెంటను, డ్రమ్ముల వెంటను పోయి మూలమును పట్టవలెను.

మిత్రులు కొందరు ఇంకను ముందునకు పోయి, ఇంటి బట్టీకి స్వేచ్ఛ యిమ్మందురు. న్యూజిలాండు 1996లో సొంత వాడుకకు కాచుకొనుట నేరము కాదన్నది. గోవా తన జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు సంపాదించుకొన్నది. ఆ దృష్టాంతములు ఆలోచింపదగినవే. కాని తూచి పరీక్షించు వ్యవస్థ లేని స్వేచ్ఛ మన వీథులలో ఎవరి మెడకు చుట్టుకొనునో దూబగుంట స్త్రీల నడిగిన చెప్పుదురు. మగడు త్రాగిన సారా ప్రభుత్వముద్ర గలదైనను, ఇంటి కుండలోనిదైనను, పొయ్యిలో పిల్లి లేవకుండుట ఒక్కటే.

యువకులారా! సెల్‌ఫోనులో చూచి కుక్కరునకు గొట్టము బిగించు నేర్పును మరియొక మంచిపనికి వినియోగింపుడు. ఉద్యమసోదరులారా! ఇకమీద పల్లెకు పోవునపుడు కుండ యెదుట చూపు ధైర్యమును కొట్టు యెదుటను చూపుదము. బెల్లపు బస్తా యెదుట మౌనము వహించిన చేతికి మట్టికుండపై కఱ్ఱ యెత్తు అర్హత లేదు.